జనవరి 30: రాజును విచారించిన దినము

జాతుల జీవితమున కొన్ని తేదులు పంచాంగములోని వట్టి అంకెలు కావు. అవి ఆ జాతులకు అద్దములు. ఆ అద్దములో ముఖము చూచుకొనుటకు అన్ని కాలములందును అందరికిని ధైర్యము చాలదు. బ్రిటిషు చరిత్రమున జనవరి 30వ తేది అట్టిది. 1649లో ఆ దినముననే ఆంగ్లేయులు తమ రాజునకు శిరచ్ఛేదము గావించిరి. 1661లో ఆ దినముననే ఆ రాజును చంపించిన వారి శవములను గోరీలనుండి పెకలించి తెచ్చి ఉరికంబమున వ్రేలాడదీసిరి. 1965లో ఆ దినముననే తమ సామ్రాజ్యాభిమానులలో అగ్రగణ్యుడైన చర్చిలునకు రాజలాంఛనములతో అంత్యక్రియలు నెరపిరి. 1972లో ఆ దినముననే వారి సైనికులు ఉత్తర ఐర్లాండులోని డెర్రీ పట్టణమున నిరాయుధులను వీథులలో కాల్చి చంపిరి.

మనకు జనవరి 30 అనగానే 1948వ సంవత్సరమును, ఢిల్లీలోని ప్రార్థనాసమయమును జ్ఞప్తికి వచ్చును. ఏటేట ఆనాడు పదునొకండు గంటలకు మన దేశము మౌనము వహించుచున్నది. అది ఎంతయు ఉచితము. అయినను ఆ తేదికే మనలను ఏలినవారి చరిత్రములో గల స్థానమును మా పాఠకులు తెలిసికొనుట అనావశ్యకము కాదని మా తలంపు. ఏలయన పైని చెప్పిన సంఘటనలు వేరువేరు కాలములకు చెందినను వానియన్నింటి వెనుకను ఒకే ప్రశ్న నిలిచియున్నది. పాలించువాడే తప్పుచేసినచో అతనిని అడుగువారెవరు? ఆ ప్రశ్న వారిది మాత్రమే కాదు, మనది కూడ.

మొదటి చార్లెసు రాజును దుర్మార్గుడని చెప్పజాలము. భార్యాబిడ్డలయెడ ప్రేమగలవాడు, మతమునందు శ్రద్ధగలవాడు, చిత్రకళను ఆదరించినవాడు. అతని దోషమంతయు ఒక్క విశ్వాసములో ఇమిడియున్నది. రాజు దైవమునకే గాని ప్రజలకు జవాబుదారి కాడని అతడు మనసార నమ్మెను. 1629 మొదలుకొని 1640 వరకు పార్లమెంటును పిలువకయే రాజ్యమేలెను. యుద్ధభయము కలిగినపుడు సముద్రతీరపు పట్టణములు ఓడలకొరకు ఇచ్చుచుండిన పన్నును శాంతికాలమున దేశమంతటిమీదను మోపెను. జాన్ హాంప్డెను అను భూస్వామి ఆ పన్ను నిచ్చుటకు నిరాకరించి వ్యాజ్యెమాడగా, 1638లో పన్నిద్దరు న్యాయాధిపతులలో ఏడుగురు రాజు పక్షమునను ఐదుగురు హాంప్డెను పక్షమునను అభిప్రాయమిచ్చిరి. రాజు వ్యాజ్యెమును గెలిచెను. ప్రజల మనస్సును పోగొట్టుకొనెను. 1642 జనవరిలో ఐదుగురు సభ్యులను పట్టుకొనుటకై సాయుధులను వెంటబెట్టుకొని తానే కామన్సు సభలో అడుగుపెట్టెను. పక్షులు ముందే ఎగిరిపోయినవి. ఆ సంవత్సరముననే అంతర్యుద్ధము మొదలయ్యెను. 1645లో నేజ్బీ యుద్ధమున రాజసేన విరిగిపోయెను.

ఓడిన రాజును ఏమిచేయవలెను? సంధి చేసికొనవలెనని పార్లమెంటులో పెక్కుమంది కోరిరి. సేన ఒప్పుకొనలేదు. 1648 డిసెంబరులో కర్నలు ప్రైడు సైనికులతో సభాద్వారమున నిలిచి సంధివాదులను లోనికి పోనీయకుండ చేసెను. అట్లు మిగిలిన సభ 1649 జనవరి 4వ తేదిన, దైవమునకు లోబడి, న్యాయమైన సమస్తాధికారమునకును ప్రజలే మూలమని తీర్మానించెను. ప్రభువుల సభ అంగీకరింపకున్నను రాజును విచారించుటకు 135 మందితో న్యాయస్థానమును ఏర్పరచెను. ఆ 135 మందిలో అనేకులు విచారణకు రానేలేదు. జనవరి 20వ తేదిన వెస్టుమినిష్టరు హాలులో జాన్ బ్రాడ్షా అధ్యక్షతను విచారణ ప్రారంభమయ్యెను. అభియోగమును తెచ్చినవాడు జాన్ కుక్ అను న్యాయవాది. దాని సారాంశమిది: దేశపు చట్టములననుసరించి ప్రజల మేలుకొరకు పాలింపుమని రాజునకు మితమైన అధికారము అప్పగింపబడినది, అతడా నమ్మకమును వమ్ముచేసి ఆ ప్రజలమీదనే కత్తిగట్టినాడు.

రాజు ఒకే మాట పట్టుకొని నిలిచెను. మీరు నన్ను ఏ అధికారముతో విచారించుచున్నారు? ఎన్నిమారులడిగినను అభియోగమునకు బదులు చెప్పడయ్యెను. 27వ తేదిన మరణదండన విధింపబడెను. ఆ శాసనముమీద 59 మంది చేవ్రాలు చేసిరి.

30వ తేది ఉదయము చలి మిక్కుటముగా నుండెను. చలికి వణకినచో చూచువారు భయమనుకొందురని రాజు రెండు చొక్కాలు తొడిగికొనెను. వధ్యవేదిక వైట్‌హాలులోని విందుమందిరమునకు వెలుపల కట్టబడియుండెను. ఆ మందిరపు పైకప్పున రూబెన్సు అను మహాచిత్రకారుడు చార్లెసు తండ్రియైన జేమ్సు రాజు స్వర్గారోహణమును చిత్రించియుండెను. ఆ చిత్రములను వ్రాయించినవాడు చార్లెసే. దైవాంశసంభూతుడైన రాజు స్వర్గమునకు పోవుచున్న చిత్రము క్రిందుగా నడచిపోయి ఆ రాజు కుమారుడు గొడ్డలికి తలయొగ్గెను. అయితే ఆ గొడ్డలి ఉదయముననే పడలేదు. రెండు గంటల ప్రాంతము వరకు జాగైనది. ఏలయన ఒక రాజు పోయిన క్షణముననే వేరొకరిని రాజుగా చాటుటను నిషేధించు చట్టము లేదని అప్పుడు గుర్తునకు వచ్చినది. రాజు వేచియుండగా సభవారు ఆ చట్టమును తొందరగా చేసిరి. విప్లవమంతటిలోను ఇంతకన్న ఆంగ్లేయ లక్షణము వేరొకటి లేదు. తల తీయుటకైనను వారికి ముందొక చట్టము కావలయును!

వధ్యవేదికపైని చార్లెసు చెప్పినదేమన, ప్రజల స్వేచ్ఛ అనగా తమ ప్రాణములును ఆస్తులును చట్టముచే రక్షింపబడుటయే గాని ప్రభుత్వములో పాలుగొనుట కాదని. రాజును ప్రజయు భిన్నజాతులని. కడపటి శ్వాసవరకు అతడు తన మతమును విడువలేదు. ముసుగు ధరించిన తలారి ఒక్క వ్రేటుతో పని ముగించెను. ఆ తలారి ఎవ్వరో నేటికిని నిశ్చయముగా తేలలేదు.

ఇందు ఎవరిది న్యాయము? మా దృష్టిలో రాజు అడిగిన ప్రశ్న న్యాయమైనది. సభ పలికిన సూత్రము అంతకన్న న్యాయమైనది. సేన బలముతో సగము సభ్యులను వెలివేసి కూర్చున్నవారు ప్రజలందరి పేర న్యాయము చెప్పుట చెల్లదు. అయినను పాలకుడు చట్టమునకు లోబడినవాడనియు, అధికారము అప్పగింతయే గాని సొత్తు కాదనియు బహిరంగ న్యాయస్థానములో ఒక రాజు మొగముమీద చెప్పబడుట లోకచరిత్రములో సామాన్య విషయము కాదు. ఒక సత్యము ఖడ్గపు నీడను పుట్టినది. ఆ నీడ దానిని చిరకాలము వెంటాడినది.

ఎంత శీఘ్రముగా వెంటాడినదో చూడుడు. ప్రజలే అధికారమునకు మూలమని చాటిన సంవత్సరము ముగియకుండగనే, రాజవధకు ముందు నిలిచిన క్రాంవెలు సేనలతో ఐర్లాండున దిగెను. 1649 సెప్టెంబరు 11న ద్రొహీడా పట్టణము పట్టుబడినది. కోటను కాచిన సైనికులును పట్టణవాసులలో కొందరును మొత్తము సుమారు 3,000 మంది చంపబడిరి. లోబడినవారికి సయితము ప్రాణభిక్ష లభింపలేదు. ఇది దైవము విధించిన న్యాయమైన శిక్ష అని క్రాంవెలు వ్రాసెను. తాను దైవమునకే జవాబుదారినని చార్లెసు అన్నందులకు తల పోయెను గదా! ఆ మాటనే ఐర్లాండు విషయమున క్రాంవెలు పలికినపుడు అడుగువారు లేకపోయిరి. ఆంగ్లేయులలోనే సమతావాదులని పేరుపడిన సైనికులు కొందరు ఐర్లాండు దండయాత్రకు పోమని తిరుగబడిరి; ఆ మే నెలలోనే బర్ఫర్డు గ్రామమున వారిలో ముగ్గురిని క్రాంవెలు కాల్పించెను. సూత్రము ఇంటివరకే గాని పొరుగింటికి కాదని 1649లోనే తేలిపోయినది.

తరువాత జరిగినది పగ. క్రాంవెలు 1658లో మరణించెను. 1660లో రెండవ చార్లెసు తిరిగివచ్చి సింహాసనమెక్కెను. అభియోగమును తెచ్చిన జాన్ కుక్ మొదలగువారు ఆ అక్టోబరులో క్రూరముగా వధింపబడిరి. బ్రతికినవారితో కసి తీరలేదు. 1661లో, రాజవధ జరిగిన పండ్రెండేండ్లకు సరిగా ఆ తేదినే, క్రాంవెలు, ఐర్టను, బ్రాడ్షాల శవములను టైబర్నునకు ఈడ్చుకొనిపోయి ఉరిదీసి, తలలు నరికి, రాజును విచారించిన ఆ వెస్టుమినిష్టరు హాలుమీదనే గుచ్చి నిలిపిరి. జనవరి 30వ తేది ఆంగ్ల మతసంఘమువారి ప్రార్థనగ్రంథములో ఉపవాసదినముగా చేర్చబడి 1859 వరకు నిలిచెను. రాజు అమరవీరుడనియు, అతనిని తాకుట మహాపాతకమనియు రెండు శతాబ్దములపాటు ఏటేట గుళ్లలో బోధింపబడెను. ఇంతలో 1689లో హక్కుల శాసనము వచ్చి, చట్టములను రద్దుచేయుటకు గాని పార్లమెంటు అనుమతిలేక పన్నులు విధించుటకు గాని రాజునకు అధికారము లేదని తీర్మానించెను. గుడిలో రాజును అమరునిగా కొనియాడుచు సభలో ఆ రాజు సిద్ధాంతమును పాతిపెట్టిన నేర్పు వారిది.

ఈ చరిత్రమునే వారు మన పాఠశాలలలో మన తాతలకు నేర్పిరి. హాంప్డెను పేరును వల్లెవేసిన బాలుడు పెద్దవాడై ఉప్పుపన్నును గూర్చి అడుగకుండునా? దాదాభాయి నౌరోజీగారు 1901లో ప్రకటించిన తమ గ్రంథమునకు, మనదేశమున సాగుచున్నది బ్రిటిషు స్వభావమునకు తగని బ్రిటిషు పాలన అను అర్థము వచ్చునట్లు పేరు పెట్టిరి. మీ సూత్రము మాకు వర్తించునా, వర్తింపదా యనునదే ఆ తరమువారి ప్రశ్న. దానికి 1919 ఏప్రిలు 13న అమృతసరములో సమాధానము దొరకినది. జలియన్‌వాలాబాగులో సర్కారు లెక్కప్రకారమే 379 మంది చచ్చిరి. డయ్యరు పదవి పోయినదేగాని అతనిపై ఏ న్యాయస్థానమునను విచారణ జరుగలేదు. పైగా 1920లో ప్రభువుల సభ అతనికి అన్యాయము జరిగినదని 129 ఓట్లతో తీర్మానించెను. ఒక పత్రిక 26,000 పౌండ్ల చందా వసూలుచేసి అతనికి సమర్పించెను.

న్యాయము కొరకు ఇంకొక మాట చెప్పవలసియున్నది. ఆ సందర్భమున కామన్సు సభలో డయ్యరు చర్యను ఘోరమైనదని గర్హించినవారిలో చర్చిలు ఒకడు. అయితే ఆయన యుద్ధమంత్రిగా నున్న ఆ కాలముననే ఐర్లాండుమీదికి నల్లగోధుమ దుస్తుల పటాలములు పంపబడినవి; 1920 నవంబరు 21న డబ్లినులోని క్రోక్ పార్కు క్రీడాస్థలములో సర్కారు బలగములు 14 మంది ప్రాణములు తీసినవి. మన గాంధీమహాత్ముడు రాజప్రతినిధితో సమానముగా మాటలాడబోవుటను 1931లో హేళనచేసినవాడును ఆయనయే. హిట్లరునెదిరించి తన జాతి స్వేచ్ఛను నిలబెట్టిన ధీరుడు పరజాతుల స్వేచ్ఛను గుర్తింపజాలకపోయెను. 1965 జనవరిలో ఆయన దేహము వెస్టుమినిష్టరు హాలులో మూడు దినములుంచబడగా మూడు లక్షలకు మించిన జనులు దర్శించిరి. చార్లెసు నిలిచి విచారింపబడిన స్థలమదియే. 30వ తేదిన సెంటుపాల్సు దేవాలయమున కర్మలు ముగిసి, శవపేటిక థేమ్సు నదిమీద సాగునపుడు ఒడ్డునగల బరువులెత్తు యంత్రములు తలలు వంచినవి. సామ్రాజ్యమును సాగనంపితిమని ఆనాడు అనేకులు తలంచిరి.

సామ్రాజ్యము పోలేదని ఏడేండ్లకు డెర్రీ చాటెను. 1971 ఆగస్టులో ఉత్తర ఐర్లాండున విచారణలేని నిర్బంధము అమలునకు వచ్చెను. దానికి నిరసనగా 1972 జనవరి 30, ఆదివారమునాడు, పౌరహక్కుల సంఘమువారు ఊరేగింపు తీసిరి. పారాచూటు దళపు సైనికులు బాగ్‌సైడు పేటలో చొరబడి స్వల్పకాలములో నూరు గుండ్లకు పైగా కాల్చిరి. ఆనాడు 13 మంది చచ్చిరి; గాయపడినవారిలో మరియొకరు కొన్ని నెలలకు కన్నుమూసిరి. మృతులలో ఆరుగురు పదునేడేండ్ల వారు. గాయపడిన బాలుని మోసికొనిపోవు వారికి ముందు ఒక మతగురువు నెత్తురంటిన తెల్ల చేతిరుమాలు ఊపుచు వంగి నడచిన చిత్రము లోకమెల్ల చూచినది.

ఆ ఏప్రిలులోనే దేశపు ప్రధానన్యాయమూర్తి విడ్జెరీ ప్రభువు నివేదిక వెలువడినది. కొన్ని కాల్పులు తెంపరితనమునకు దగ్గరగా నున్నవని ఒప్పుకొనుచునే, ముందు సైనికులమీదనే కాల్పులు జరిగినవని చెప్పి ఆయన సర్కారును గట్టెక్కించెను. చచ్చినవారిపై తుపాకులు పట్టిరన్న అనుమానపు మచ్చ నిలిచిపోయెను. బిడ్డను పోగొట్టుకొనుట ఒక దుఃఖము. ఆ బిడ్డ హంతకుడని సర్కారు ముద్రతో అనిపించుకొనుట అంతకుమించిన దుఃఖము. ఆ కుటుంబములవారు ఏటేట ఆ వీథులలోనే నడచిరి. అడిగినదే అడిగిరి. ఎట్టకేలకు 1998 జనవరిలో ప్రధానమంత్రి బ్లెయిరు కొత్త విచారణను ప్రకటించెను. సేవిలు ప్రభువు అధ్యక్షతను అది పండ్రెండేండ్లు సాగినది. 2010 జూన్ 15న నివేదిక వెలువడినది. హెచ్చరిక లేకయే కాల్చిరనియు, చచ్చినవారిలో గాని గాయపడినవారిలో గాని ఒక్కరును ప్రాణాపాయము కలిగించునట్లు ప్రవర్తింపలేదనియు, సైనికులు అనేకులు తెలిసియే అబద్ధమాడిరనియు అది తేల్చినది. ప్రధానమంత్రి కామరను కామన్సు సభలో లేచి, ఆ కాల్పులు ఏ విధముగను సమర్థింపరానివని చెప్పి ప్రభుత్వము పక్షమున క్షమాపణ వేడెను. డెర్రీ పురమందిరము ముందు గుమిగూడిన బంధువులలో ఒకరు విడ్జెరీ నివేదికను చించి పారవైచిరి.

1215లో రన్నిమీడు మైదానమున జాన్ రాజుచే మహాశాసనమునకు ముద్రవేయించిన తేదియు జూన్ 15యే. ఇది కాకతాళీయమే కావచ్చును. కాని అర్థవంతమైన కాకతాళీయము.

మేము సాహసించి ఒక మాట చెప్పుచున్నాము. ఏ తలయు తెగకపోయినను 2010లో జరిగినది 1649లో జరిగినదానికన్న గొప్పది. 1649లో గెలిచినవాడు ఓడినవానిని విచారించెను. అది లోకమున ఏనాటినుండియో కలదు. 2010లో రాజ్యము, ఏ సేనకును భయపడి కాదు, కొందరు నిరుపేద కుటుంబముల పట్టుదలకు తలయొగ్గి, తన సైన్యమునుగూర్చి తన న్యాయమూర్తి చెప్పిన తీర్పును తానే తప్పని ఒప్పుకొనెను. రాజు చట్టమునకు లోబడినవాడను వాక్యమునకు ఇదియే నిజమైన భాష్యము.

ఇట్లనుటకు ఆక్షేపణలు లేకపోలేదు. ఆ కాలమున సాయుధ విప్లవకారులు సైనికులను, పౌరులను చంపలేదా యని కొందరందురు. చంపిరి, అవియు హత్యలే. కాని విప్లవకారుడు కాల్చునపుడు తన పేరనే కాల్చును. సర్కారు కాల్చునపుడు మన అందరి పేరను కాల్చును. కావుననే సర్కారును గట్టిగా అడుగవలెను. విచారణకు సుమారు 19 కోట్ల పౌండ్లు వ్యయమైనది, అది దుర్వ్యయమని మరికొందరందురు. 1972లోనే నిజము చెప్పియున్నచో ఆ సొమ్ములో వేయవవంతైనను అవసరమై యుండదు. అబద్ధమునకు వడ్డీ అధికము.

ఆ వడ్డీని ధనముతో తీర్చవచ్చును గాని కాలముతో తీర్పరాదు. ఆనాటి హత్యలకై ఒక మాజీ సైనికునిపై నడచిన వ్యాజ్యెములో 2025 అక్టోబరున బెల్ఫాస్టు న్యాయస్థానము సాక్ష్యము చాలదని అతనిని విడుదలచేసినది. ఏబదేండ్లు దాటిన నేరమునకు సాక్ష్యమెక్కడ నిలుచును? నిజము తేలినది; న్యాయము జారిపోయినది. ఇక అమృతసరమునకు ఆ క్షమాపణయైనను రాలేదు. నూరేండ్లు నిండిన 2019లో ప్రధానమంత్రిణి థెరిసా మే తీవ్రవిచారమును మాత్రము వెలిబుచ్చెను. విచారము వేరు, క్షమాపణ వేరు. విచారము వర్షము కురియనందులకును వెలిబుచ్చవచ్చును.

ఇంతవరకు చదివి, ఆంగ్లేయుల గుట్టు బయటపడినదని మన పాఠకులు సంతోషించినచో మా ప్రయత్నము వ్యర్థము. మనకు గణతంత్రము వచ్చినది జనవరి 26న. దానికి నాలుగు దినముల తరువాతనే ఈ తేది వచ్చుచున్నది. 1942 ఆగస్టులో క్విట్టిండియా ఉద్యమమును అణచుటకు పరప్రభుత్వము సైన్యమునకు ప్రత్యేకాధికారములిచ్చి యొక ఆర్డినెన్సు చేసెను. దాని పోలికనే 1958లో మన పార్లమెంటు సాయుధదళముల ప్రత్యేకాధికారముల చట్టమును చేసినది. అది అమలునందున్న ప్రాంతమున కాల్చిన సైనికుని విచారింపవలెనన్న కేంద్రప్రభుత్వపు అనుమతి కావలెను. అనగా నిందితుని యజమాని ఒప్పుకొన్నప్పుడే నిందితుడు న్యాయస్థానమునకు వచ్చును. చార్లెసు రాజు ఇంతకన్న ఏమి కోరెను?

జనవరి 30న మనము తలచుకొను మహాపురుషుడు సయితము ఒకనాడు న్యాయస్థానమున నిలిచెను. 1922 మార్చి 18న అహమ్మదాబాదులో బ్రూమ్ఫీల్డు దొర ఎదుట రాజద్రోహాభియోగమునకు తానే దోషినని ఒప్పుకొని, విధింపగల కఠినశిక్షను కోరెను. చార్లెసు తాను చట్టమునకు పైవాడనని బదులు చెప్పలేదు. గాంధీమహాత్ముడు చట్టము ధర్మమునకు క్రిందిదని చెప్పి, అయినను ఆ చట్టము విధించు శిక్షకు తల వంచెను. చేతిలో అధికారమున్నవాడు చట్టమునకు జవాబు చెప్పవలెను. అధికారము లేనివాడు చట్టమును ప్రశ్నింపగలుగవలెను. ఈ రెండును కలసినపుడే స్వరాజ్యము.

విచారణ సంఘములు మనకును కొత్తవి కావు; నివేదికలు బీరువాలలో మ్రగ్గుటయు కొత్త కాదు. కాల్పులు జరిగిన ప్రతిచోటను చచ్చినవారే దోషులని మరునాడే ప్రకటన వెలువడుట మనము చూడనిది కాదు. అట్టి ప్రకటనను నమ్ముటకు ముందు డెర్రీ తల్లులను ఒక్కసారి తలచుకొనుడని మా పాఠకులకు మనవి. వారికి సేనలు లేవు, ధనము లేదు, మంత్రుల పరిచయము లేదు. ముప్పదియెనిమిదేండ్లు ఒకే ప్రశ్నను విడువక అడుగు ఓర్పు మాత్రము కలదు. రాజును వంచుటకు గొడ్డలి పూనిన జాతి గొడ్డలితోడనే పాడైనది. ప్రశ్నతో రాజ్యమును వంచిన కుటుంబములు ఆ జాతి గౌరవమును నిలిపినవి. ఆ ప్రశ్నను అడుగు అలవాటు మన వీథులలోను మన సభలలోను కొడిగట్టకుండ చూచుకొనుట మన కర్తవ్యము.